చూడనిదే సంతకం పెట్టని గవర్నరు

మా అన్నయ్య గవర్నరు పదవికి రాజీనామా ఇచ్చినప్పుడు పత్రికలన్నీ అనారోగ్యమే కారణమని రాశాయి. ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసినదాన్ని, పదవిలో ఉన్న మూడేళ్ళూ అన్నయ్య ఇంట్లోనే ఉన్నదాన్ని చెబుతున్నాను, ఆ మనిషికి జలుబు కూడా లేదు. అసలు సంగతి రాయడానికి ఇన్నాళ్ళూ చెయ్యి రాలేదు. ఇప్పుడు మాత్రం వస్తోందని కాదు, రాయకపోతే ఊపిరాడటం లేదు.

చిన్నప్పుడు అన్నయ్యను ఇంట్లో అందరూ బొంగరం అనేవాళ్ళు. అన్నం దగ్గర కూర్చుంటే రెండు ముద్దలకోసారి లేచి కిటికీలోంచి వీధిలోకి చూసి వచ్చేవాడు. "వీడి కాళ్ళకు మేకులు కొట్టాలి" అనేది అమ్మ. నాన్న గడియారాలు బాగుచేసేవాడు. కొడుకు తన పక్కన బల్ల ముందు కూర్చుంటాడని ఆశపడ్డాడు. కూర్చున్నాడు, ఒక్క పూట. సాయంత్రానికి మూడు గడియారాలకు ముళ్ళు లేవు. పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరతానంటే నాన్న దిగులుపడ్డాడు గానీ అమ్మ మాత్రం, "పోనీయండి, వాళ్ళయినా వీణ్ణి ఒకచోట నిలబెడతారేమో చూద్దాం" అంది.

వాళ్ళ వల్లా కాలేదు. ఉత్తరం ఉత్తరానికీ చిరునామా మారేది. అన్నయ్యకు తుపాకీ కన్నా నడక ఇష్టం. పటం చేతికిస్తే అందులో ఉన్న ప్రతి వాగునూ కాళ్ళతో కొలిచి వచ్చే రకం. పైవాళ్ళకు కావలసింది అలాంటివాడే కనక భుజం మీద నక్షత్రాలు తొందరగానే పెరిగాయి.

ఒక్కసారి మాత్రం నడవలేదు. కెప్టెనుగా ఉన్న రోజుల్లో నూట మూడు జ్వరంతో గుడారంలో పడుకుని, పటం చూసి, కొయ్య వంతెన మీదుగా లారీ పంపమన్న ఆర్డరు మీద సంతకం పెట్టాడు. పటంలో వంతెన ఉంది. వాగు మీద లేదు. మూడు రోజుల ముందే వరద దాన్ని ఊడ్చుకుపోయింది. లారీలో పదకొండు మంది ఉన్నారు. ఒక్కరూ మిగలలేదు.

విచారణలో తప్పు పటానిదని తేల్చారు. పటానికి శిక్ష వేయలేరు కనక కేసు మూసేశారు. అన్నయ్య పదకొండు ఇళ్ళకూ తన చేత్తో ఉత్తరాలు రాసి, సెలవు మీద మా ఇంటికొచ్చాడు. నేను కూరగాయలు తరుగుతుంటే వంటింట్లో గోడ నుంచి గోడకు తిరుగుతూ, "ఇక నా కళ్ళతో చూడనిదే దేనిమీదా సంతకం పెట్టను చెల్లీ" అన్నాడు. మంచి మాటే అనుకున్నాను. ఇప్పటికీ మంచి మాటే అంటాను. నా కడుపుమంటంతా అక్కడే ఉంది.

ఆ మాట మీదే బ్రిగేడియరయ్యాడు, జనరలయ్యాడు. సిపాయిలు కాపలా కాసే ప్రతి కొండా ముందు తను ఎక్కి దిగేవాడు. వెంట పరిగెత్తలేక కింది ఆఫీసర్లు సన్నబడ్డారు. మా వదిన మాత్రం లావయింది, "ఆయన తినని తిండి కూడా నేనే తింటున్నాను మరి" అని నవ్వేది. పదిహేడు ఇళ్ళు మారిందావిడ. ప్రతి ఇంట్లోనూ గులాబీ మొక్క నాటింది, ఒక్క ఇంట్లోనూ పువ్వు చూడలేదు. పద్దెనిమిదో ఇంటికి సామాను కడుతుండగా గుండెపోటుతో పోయింది. అన్నయ్య అప్పుడు ఎక్కడో సరిహద్దులో కొండ ఎక్కుతున్నాడు.

పదవీ విరమణ అయ్యాక నా రెండు గదుల ఇంటికి వచ్చి పడ్డాడు. ఆ నాలుగు నెలలూ నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు. పప్పుల డబ్బాలను పొడుగును బట్టి వరసగా నిలబెట్టాడు. కుళాయి ఎన్ని నిమిషాలకు బిందె నింపుతుందో గోడ మీద రాశాడు. పాలవాడు రెండు వీధుల అవతల ఉండగానే ఎదురెళ్ళి కొలత చూసేవాడు. వాడు చివరికి, "అమ్మా, నేను దొంగనైతే పోలీసుల్ని పిలవండి, జనరల్‌ని ఎందుకు పిలిచారు?" అని అడిగాడు. ఎవరైనా ఈయనకు ఉద్యోగం ఇస్తే బాగుండునని నేననుకోని పూట లేదు. ఒకరోజు రాజధాని నుంచి ఫోను వచ్చింది, ఒక ప్రాంతానికి గవర్నరుగా వెళ్ళమని. ఇంటికి వచ్చే అతిథులను చూసుకోవడానికి ఆడదిక్కు కావాలని నన్నూ వెంట తీసుకెళ్ళాడు.

నలభై గదుల బంగళా. ఆఫీసు గదిలో ఎనిమిది మంది పడుకోదగ్గ బల్ల, దాని మీద ఎర్ర నాడాలు కట్టిన ఫైళ్ళు. కార్యదర్శి సన్నటి మనిషి, నవ్వడానికి కూడా అనుమతి కావాలన్నట్టు ఉండేవాడు. మొదటి రోజే అన్నయ్యకు పని బోధించాడు.

"తమరు సంతకం పెడితే చాలండి. చూడవలసినవాళ్ళు కింద చూసేశారు."

"ఎవరు చూశారు? కళ్ళతో చూశారా, కాగితంలో చూశారా?" అన్నాడు అన్నయ్య.

అది ఒక పాఠశాల మరమ్మతుల ఫైలు. అన్నయ్య కారు తీయించి అక్కడికి వెళ్ళాడు. పాఠశాల లేదు. మేకలు కట్టేసిన పాక ఒకటి, దాని మీద పాఠశాల అన్న బోర్డు ఒకటి ఉన్నాయట. మర్నాడు పత్రికలన్నీ చూసే గవర్నరు వచ్చాడని పొగిడాయి. ఇక చూసుకోండి. బావి ఫైలొస్తే బావిలోకి తొంగిచూడాలి, రోడ్డు ఫైలొస్తే రోడ్డు మీద నడవాలి. దొంగ లెక్కలు రాసేవాళ్ళకు నిద్ర కరువైంది. జనం నిజంగానే ఇష్టపడ్డారు. ఫైళ్ళు మాత్రం బల్ల మీద నుంచి కుర్చీల మీదకు, కుర్చీల మీద నుంచి నేల మీదకు దిగాయి.

"అమ్మగారూ, మీరైనా కాస్త చెప్పండి" అన్నాడు కార్యదర్శి నా దగ్గరికొచ్చి.

"తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి నేనేం చెప్పను నాయనా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. లోపల గర్వంగా కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

ఈ తిరుగుడంతా తిప్పింది డ్రైవరు. సైన్యంలో జీపు నడిపిన రోజుల నుంచీ, ఇరవై రెండేళ్ళుగా అన్నయ్య దగ్గరే ఉన్నాడు. అడిగితేనే నోరు విప్పుతాడు, అది సైన్యం నేర్పిన మర్యాద. ఆ లోటు అతని భార్య తీర్చేది. నా వంటింటి వెనక గదిలో బంగళా బట్టలు ఇస్త్రీ చేస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. "మీ అన్నగారు చొక్కా మడత సరిగా వచ్చిందో లేదో కూడా వచ్చి చూసిపోతున్నారమ్మా. సంతకం పెట్టేదుంటే చొక్కా మీద కూడా పెట్టేట్టున్నారు" అనేది. ఇద్దరం పడీ పడీ నవ్వుకునేవాళ్ళం. వాళ్ళ ఇల్లు నది పక్కన పడమటి కరకట్ట కింద, పల్లపు పేటలో. నడవలేని అత్తగారు మంచం మీద ఉండేది, మధ్యాహ్నం ఆవిడకు అన్నం పెట్టడానికి పరుగున వెళ్ళి వచ్చేది.

మూడో ఏడు మంత్రివర్గం కూలిపోయింది. ఎన్నికలయ్యేదాకా ఏ ఆర్డరైనా గవర్నరే ఇవ్వాలి. అదే ఏడు వానలు విరుచుకుపడ్డాయి. అయిదో రోజు ఉదయం ఏడు గంటలకు నీటిపారుదల ఇంజనీరు తనే వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, రెయిన్‌కోటు లోపల ఫైలు.

"పడమటి కట్ట నానిపోయింది సార్. మహా అయితే మూడు గంటలు ఆగుతుంది. అది తెగితే పల్లపు పేట, నాలుగు వందల ఇళ్ళు. పైన మలుపు దగ్గర తూర్పు కట్టను మనమే కోసేస్తే నీరు చెరకు తోటల్లోకి పోతుంది. మనుషులు అక్కడ సిద్ధంగా ఉన్నారు. మీరు సంతకం పెడితే ఫోన్లో చెప్పేస్తాను. అరగంట పని."

అన్నయ్య కలం తీశాడు. నేను చూశాను, మూత కూడా విప్పాడు.

"తోటల్లో ఇళ్ళేమీ లేవుగా?"

"పటంలో లేవు సార్."

ఆ ఇంజనీరు ఇంకే మాట అన్నా సరిపోయేది. అన్నయ్య కలానికి మూత పెట్టేశాడు.

"నువ్వు చూశావా?"

"నాలుగేళ్ళ కిందట చూశాను సార్."

"మలుపు ఎంత దూరం?"

"పద్దెనిమిది మైళ్ళు సార్. కానీ ఇప్పుడు దారి..."

"గంటలో ఉంటాను. అక్కడే చూసి, అక్కడే సంతకం పెడతాను. కారు తీయమనండి."

నేను వరండాలో అడ్డం నిలబడ్డాను. "అన్నయ్యా, రక్తం కారుతుంటే మేం ముందు గుడ్డ కడతాం. గాయం ఎంత లోతో తర్వాత చూస్తాం. సంతకం పెట్టి వెళ్ళు."

"అవతల ఒక్క గుడిసె ఉన్నా నేనే నీళ్ళు వదిలి చంపినట్టు."

"ఇవతల నాలుగు వందలున్నాయి."

"అందుకే తొందరగా వెళ్తున్నాను. తప్పుకో."

అన్నయ్య వెనక డ్రైవరు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ నాలుగు వందల్లో ఇతని ఇల్లు కూడా ఉంది అని నోటిదాకా వచ్చింది. అతను నా వైపు చూసి అడ్డంగా తలూపాడు. తన ఇంటి కోసం సార్ చేత సంతకం పెట్టించాడన్న మాట పడటం అతనికి ఇష్టం లేదు. ఆ తలూపుకు నేను లొంగిపోయాను. వార్డులో డాక్టర్ల నోళ్ళు మూయించినదాన్ని, ఆ రోజు నోరు మూసుకున్నాను. దానికి నన్ను నేను క్షమించుకోలేదు.

కారు వెళ్ళిపోయింది. ఇంజనీరు హాల్లో ఫోను పక్కన కూర్చోలేక నిలబడలేక తిరుగుతున్నాడు. కార్యదర్శి గడియారం చూసి, తుడిచి, మళ్ళీ చూశాడు. నేను పోలీసులకు ఫోను చేశాను. మైకు బండి రెండుసార్లు పేటంతా తిరిగిందని, సగం మంది కదిలారని, మిగతావాళ్ళు ఏటా వినే మాటే కదా అని సామాను అటక ఎక్కించుకుంటున్నారని చెప్పారు. బంగళాలో ఉన్న రెండో కారును డ్రైవరు ఇంటికి పంపాను. సందులో నీళ్ళు నిలిచి ముందుకు పోలేక తిరిగొచ్చింది. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదయింది. దారిలో కల్వర్టు మునిగితే కారు చుట్టుదారిన వెళ్ళిందని ఎవరో చెప్పారు.

పావు తక్కువ పదికి ఫోను మోగింది. పడమటి కట్ట తెగిపోయింది.

పది దాటాక మళ్ళీ మోగింది. ఇంజనీరు ఎత్తి, విని, నా చేతికిచ్చాడు. అన్నయ్య గొంతు, కొండ ఎక్కి దిగినప్పటిలా తేలిగ్గా ఉంది. "ఒక్క ఇల్లు కూడా లేదు, అంతా చెరకే. సంతకం పెట్టేశాను. కోస్తున్నారని చెప్పు."

"వద్దని చెప్పు అన్నయ్యా. ఇవతలిది తెగిపోయింది" అన్నాను.



ముప్పై ఒక్క మంది పోయారు. డ్రైవరు భార్య పక్కింటివాళ్ళ సాయంతో అత్తగారిని అటక మీదికి ఎక్కించిందట. ముసలావిడ చలికి వణుకుతోందని దుప్పటి కోసం కిందికి దిగింది. దుప్పటి దొరికింది, పైకి విసిరింది కూడా. తను ఎక్కలేకపోయింది. నా వంటింటి వెనక గదిలో ఇస్త్రీకి నీళ్ళు చల్లి మడిచిన బట్టల మూట అలాగే ఉండిపోయింది. దాన్ని విప్పడానికి నాకు చేతులు రాలేదు.

ఈసారి కూడా విచారణ జరిగింది. గవర్నరు తగిన జాగ్రత్తతోనే వ్యవహరించారని రాశారు. అన్నయ్య ఆ నివేదిక సగం చదివి, రాజీనామా ఉత్తరం రాసి, దాని కింద అక్కడికక్కడే సంతకం పెట్టాడు. తర్వాత, "నువ్వు కూడా రా, ఒక్కణ్ణే వెళ్ళలేను" అన్నాడు. నా ఎరుకలో అన్నయ్య ఆ మాట అనడం అదే మొదలు.

పేటవాళ్ళను ఒక బడిలో ఉంచారు. గది నిండా తడిసిన పరుపుల వాసన. మూలన బెంచీ మీద ముసలావిడ పడుకుని ఉంది, పక్కన నేల మీద డ్రైవరు. మమ్మల్ని చూడగానే లేచి నిటారుగా నిలబడ్డాడు.

"కూర్చో" అన్నాడు అన్నయ్య.

అతను కూర్చోలేదు.

"మీ ఇల్లు అక్కడని నాకెందుకు చెప్పలేదు?"

అడిగాడు కనక జవాబిచ్చాడు. "చెప్తే చూడకుండా సంతకం పెట్టేవారా సార్?"

అన్నయ్య నేల వైపు చూశాడు. అబద్ధమాడితే నేను కూడా క్షమించేదాన్నేమో. "లేదు. పెట్టేవాణ్ణి కాదు" అన్నాడు.

"నాకు తెలుసు సార్. అందుకే బండి జోరుగా తోలాను. కట్ట పక్కన వెళ్తుంటే నీటి మట్టం చూడాలి, నెమ్మదిగా పోనీ అన్నారు. రెండుసార్లు విననట్టు ఊరుకున్నాను. మూడోసారి ఇది ఆర్డరన్నారు. నెమ్మది చేశాను."