మాటకన్నా ముందే వచ్చిన నవ్వు

మర్పల్లిలో నిలబడి వాక్యం చెబుతుండగా మా మేనమామ పోయాడన్న కబురు వచ్చింది. వికారాబాద్ బస్సు దిగి వచ్చిన మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రాడు, నా ముఖం చూడడు. నాకు సంగతి అర్థమైంది. చేతిలో గ్రంథం మూసి, చెబుతున్న మాటను సగంలో వదిలేసి బస్సెక్కాను.

చీర కట్టి అంగట్లో జనాన్ని నవ్వించిన మామ గురించి సువార్త చెప్పేవాడు రాయడమేమిటని కొందరు విశ్వాసులు అడుగుతారు. అడగనివ్వండి. నవ్వడానికి కూడా ఒక కాలం ఉన్నదని లేఖనంలోనే ఉంది, విప్పి చూసుకోండి. తన కాలం తీరిందని తనంతట తాను తెలుసుకున్న మనిషిని మాత్రం నేను ఆయనొక్కణ్ణే చూశాను.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు తాండూరు వారపు అంగడి ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఉప్పు కొన్నా, మిరపకాయ కొన్నా గొంతు పెంచేవారు కాదు. ఎవరు ఎవరి మనిషో అన్న భయం. అలాంటి అంగట్లో మామ మా అత్త పాతచీర చుట్టుకుని, రెండు బండ్లు కలిపి కట్టి, వాటి మీద నిలబడ్డాడు. నాటకంలో ఆయన గయ్యాళి అత్త. తాండూరులో బండలు కొట్టే ఒక యువకుడు ఇల్లుటం వచ్చిన అల్లుడు. ఇల్లు ఒకటే, మనుషులు ఇద్దరే, అంగడి అంగడికి కొత్త తగాదా. మొదటి రోజు జనం ముందు అటూఇటూ చూసుకుని, ఆ తర్వాత నవ్వారట. భయం తీరిన నవ్వు అది. దాన్ని దేవుడిచ్చిన దయ అని నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను.

అలా ఏళ్ల తరబడి నడిచింది. మామ పద్ధతి ఒకటుంది. పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టుకుని అంగడంతా తిరిగేవాడు. ఎక్కడ బేరం తగాదాలోకి దిగితే అక్కడ నిలబడేవాడు. కన్నడం కలిపి తిట్టే ఉల్లిగడ్డల ఆమె మాట సాయంత్రానికి అత్త నోట్లో ఉండేది. "రాసుకోవా మామా?" అని నేనంటే, "రాసుకునుడేందిరా, చెవులు లేవా?" అనేవాడు.

పేరు రావడంతో చెడింది. బండల వ్యాపారం చేసే సేఠ్ రేకుల పందిరి వేయించాడు, పెట్రోమాక్స్ లైట్లు పెట్టించాడు, దుకాణం ముందు మామకొక కుర్చీ వేశాడు. మామ అంగట్లోకి వస్తే తగాదా పడేవాళ్లు ఆగిపోయి, ఆయన కోసం మళ్లీ మొదలుపెట్టేవారు. "గీ మాట పెట్టు నాటకంల!" అని వెంటపడేవారు. దొంగ తగాదాలు ఆయన చెవికి పట్టలేదు. కుర్చీలోనే కూర్చోవడం మొదలుపెట్టాడు. నిరుటి మాటలే ఈ ఏడు, ఈ ఏటివే మరుసటి ఏడు.

అన్నిటికన్నా పేరు పడ్డది ఒక మాట. కోపమొచ్చి అత్త రేకుపెట్టె ఎత్తుకుంటుంది. "నేను నా తల్లిగారింటికి పోత!" అంటుంది. "నీ తల్లిగారింట్ల ఎవరున్నరే, గోడలా?" అంటాడు అల్లుడు. అత్త తెర వెనక్కి పోతుంది. "పోతే పోయినవ్ గని తాళంచెవి ఇచ్చిపో!" అని అల్లుడు కేకవేయగానే, ఇల్లు వాడి చేతికి పోతుందని గిరుక్కున తిరిగి వస్తుంది.

ఒకసారి వికారాబాద్‌కు తిరుగు రైల్లో అన్నాను, "ఇయ్యాల మస్తు నవ్విన్రు మామా."

"ఎప్పుడు నవ్విన్రు?"

"పెట్టె ఎత్తినప్పుడు."

"ఎత్తలేదు. చెయ్యేసిన, గంతే. నోరన్న తెరువలే." కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నేను అనకముందే నవ్వుతున్నరంటే నన్ను ఇంటలేర్రా. వాళ్లకు యాదికున్నదానికి వాళ్లే నవ్వుకుంటున్నరు." నా వైపు తిరిగాడు. "నీ దగ్గర గూడ సూసిన. నువ్వు ముగించకముందే ఆమెన్ అంటున్నరు. జర పైలం."

ఆ మాట నన్నింకా వదలలేదు.

అంతలో ఊళ్లోకి టూరింగ్ టాకీసు వచ్చింది. జనం పలచబడ్డారు. సేఠ్ పరేషాన్ అయ్యాడు. నాటకంలో అత్తింటికి బొంబాయి మరదల్ని తెప్పించాడు, ఆమెతో సినిమా పాటలకు గంతులు వేయించాడు. ఒక వారం బతికున్న మేకను కూడా ఎక్కించాడు. మేక వచ్చిన వారం బాగానే నవ్వారు, మేకను చూసి. ఆ తర్వాతి అంగడికి పల్లికాయ పొట్టు విసిరారు. ముందు వరసలోని పోరడొకడు, "ఏ ముసల్దానా, దిగు! మల్లొచ్చే అంగడికి నీ కొంగు గుంజుతం!" అని అరిచాడు.

మామ ఆపేస్తానన్నాడు. సేఠ్ మండిపడ్డాడు. "ఆపుడేందయ్యా? జనం నీ అత్తను సూడవచ్చి నా దుకాణం సూస్తరు. ఇంకొక్క ఏడు గుంజు!"

అల్లుడి వేషగాడి మాట అంతకన్నా గట్టిగా తగిలింది. "నీకు సాలయింది అన్నా. నాకు పెండ్లాం పిల్లలున్నరు. మల్ల బండలు కొట్టవొమ్మంటవా?"

వాడు పోయాక మామ నన్ను పక్కకు పిలిచాడు. "వాడన్నది నిజమే. ఆపితే వాని పొట్ట కొట్టినట్టే. ఆపకుంటే వాణ్ని గూడ పొట్టుల నిలబెట్టినట్టే. వచ్చే అంగడికి నువ్వు నా పక్కన ఉండు" అన్నాడు.

వెళ్లాను. పొద్దు గుంకుతోంది. ఆ పోరలు అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నారు. గ్రంథం చంకలో ఇరికించుకుని పందిరి గుంజ దగ్గర నిలబడ్డాను. ఏ చెయ్యి కొంగు మీద పడుతుందోనని నా కళ్లన్నీ వాళ్ల చేతుల మీదే ఉన్నాయి.

తగాదా మొదలైంది. మామ ఒక మాట అనేలోపే ముందు వరస దాన్ని అనేస్తోంది. ఆయన పెట్టె మీద చెయ్యి వేయగానే పందిరంతా ఒక్క గొంతుతో, "తల్లిగారింటికి పోత!" అని అరిచింది. ఈలలు. మామ ఆగాడు. వాళ్లందరినీ ఒకసారి కలయజూశాడు. ఆ మాట ఆయన అనలేదు. పెట్టె ఎత్తుకుని తెర వెనక్కి పోయాడు.

"పోతే పోయినవ్ గని తాళంచెవి ఇచ్చిపో!" అల్లుడు కేకవేశాడు. జనం నవ్వారు. తెర కదల్లేదు.

"ఓ అత్తా! తాళంచెవి!" ఈసారి నవ్వు సగమైంది.

అల్లుడు తెర వైపు రెండడుగులు వేసి ఆగాడు. వాడి గొంతు మారింది. "అన్నా..." అన్నాడు.

అత్త అనలేదు, అన్నా అన్నాడు. పందిరిలో ఒక్క గొంతు లేదు. కొంగు గుంజుతానన్న పోరడే లేచి నిలబడి, "ఏమైంది? పానం బాగలేదా?" అని నన్నడిగాడు. వెనక నుంచి ఒక ముసలామె అంది, "పోయింది. నిజంగనే పోయింది మనిషి." ఆమె ఏడుస్తోంది.

ఆ అల్లుడు మళ్లీ బండలకే పోయాడు. చాలాకాలం మామతో మాట్లాడలేదు. మొన్న సమాధి దగ్గరికి వచ్చాడు. పిడికెడు మన్ను వేసి, "అందరి ముంగట నన్నొక్కణ్నే నిలబెట్టి పోయిండు" అన్నాడు. చేతి మన్ను దులుపుకుంటూ, "గంతమంది నా మాట గప్పుడే ఇన్నరు" అన్నాడు.

ఆ ఆఖరి ఆట సాయంత్రం నేను తెర వెనక్కి పోయేసరికి మామ లేడు. స్టేషన్ దగ్గర అందుకున్నాను. చీర విప్పలేదు, రంగు కడగలేదు. వికారాబాద్ పోయే ప్యాసింజరులో ఎక్కాం. మసక వెలుతురు. ఎదురు బల్ల మీది పల్లెటూరి ఆమె మామను చూసి, "రా అక్కా, గీడ కూసో" అని జరిగింది. మామ కూర్చున్నాడు. ఆమె మూట సర్దుకుంటూ, "జర పట్టు అక్కా" అని చంటిపిల్లను ఆయన ఒళ్లో పెట్టింది. పిల్ల నిద్రపోయింది. తల్లి కూడా కునికింది. ధారూరు దాటింది. చెమటకు ఆయన ముఖం మీది రంగు కరిగి గడ్డం దాకా జారింది. ఆయన కదల్లేదు. చుక్క పిల్ల మీద పడకుండా మెడ మాత్రం పక్కకు వంచుకుని, అలాగే కూర్చున్నాడు.