ఆషాఢం గాలి, మా ఇంటి పాత మోడెం

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా నడిమింట్లో, గోడకు కొట్టిన చెక్క మీద ఒక మోడెం ఉండేది. కొన్నప్పుడు తెల్లటిదే... ఏళ్ళు గడిచి పసుపు రంగుకు తిరిగింది. దానికి నాలుగు లైట్లు. నాలుగూ పచ్చగా ఉంటే ఇంట్లో అందరి ముఖాలూ చల్లగా ఉండేవి. మూడోది ఎర్రబడిందంటే మా నాయన ముఖం కూడా ఎర్రబడేది.

నాయన పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. ఎన్నో ఏళ్ళు గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ పెన్సిలుతో నింపాడు. నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. బెంగుళూరులో ఒక చీరల అంగడి వాళ్ళు, అంచు సన్నం చేయండి, నెమలి మెడ ఇటు తిప్పండి అని మెయిల్ పెడితే ఈయన మార్చి పంపాలి. రోజుకు నాలుగైదు సార్లు... ప్రతిసారీ నెట్ సెంటరుకు పరిగెత్తితే అయ్యే పని కాదు.

ఆ ఏడు పెళ్ళిళ్ళ చీరలకు కొత్త డిజైన్ అడిగారు. వాళ్ళకు నచ్చితే నేతపని మా చిన్నాయనకే. ఆయన మగ్గం అప్పటికి రెండు నెలలుగా ఖాళీ. పొద్దున్నే వచ్చి మా గడప మీద కూర్చుని, "అన్నా, ఏమన్నా చెప్పినారా వాళ్ళు?" అని అడిగేవాడు.

సరిగ్గా అప్పుడే మోడెం పేచీ మొదలుపెట్టింది. ఉన్నట్టుండి ఎర్ర లైటు... కాసేపటికి దానంతటదే పచ్చ లైటు. నెట్ ఎందుకు పోతుందో, ఎందుకు వస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు.

నాయన టెలిఫోన్ లైన్‌మాన్ ఓబులేసన్నను పిలిపించాడు. ఆయన వచ్చి చూసినంతసేపూ నాలుగు లైట్లూ పచ్చగానే ఉన్నాయి. "లైను బంగారంలా ఉండాది. మోడెమే పాతదైపోయింది, మార్చుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నాయన మోడెం విప్పి సంచిలో వేసుకుని కంప్యూటర్ అంగడి రఫీ అన్న దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. అక్కడ కూడా అది చక్కగా పనిచేసింది! "ఇది ఇప్పుడు బాగానే ఉండాది... కానీ ఎన్ని దినాలు ఉంటాదో నేను చెప్పలేనన్నా" అన్నాడు రఫీ అన్న. మార్చమన్నట్టా, వద్దన్నట్టా? దారి పొడవునా నాయన అదే నన్ను అడిగాడు. నాకేం తెలుసు... నేను అప్పుడు ఐదో తరగతి.

అమ్మేమో ఎండకు వేడెక్కి ఉంటుందని దాని ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టింది. పక్కింటాయన, రెండు నిమిషాలు ఆపి మళ్ళీ వేయమన్నాడు. చిన్నాయన దానికి దండం పెట్టడం ఒక్కటే తక్కువ.

మా అక్క సుజాత తొమ్మిదో తరగతి. ఒకరోజు మెల్లగా అంది... "నాయనా, గాలి తోలినప్పుడే పోతాంది. నేను మూడు దినాల నుంచి చూస్తాండా."

ఆషాఢంలో మా అనంతపురం గాలి సంగతి తెలిసిందే కదా... ఆరేసిన బట్టలు మూడో ఇంటి మిద్దె మీద వెతుక్కోవాలి. అయినా అందరూ పగలబడి నవ్వారు. "గాలికి ఇంటర్నెట్ కొట్టుకపోతాదా ఏమే!" అన్నాడు చిన్నాయన. అక్క లోపలికి పోయింది.

మార్చాలా వద్దా అని పది రోజులు కొట్టుమిట్టాడి, చివరికి నాయన కొత్త మోడెం తెచ్చాడు. నల్లగా, నిగనిగలాడుతూ... లైట్లన్నీ పచ్చగా వెలిగాయి. ఆ సాయంత్రంలోగా డిజైన్ రాకపోతే వేరేవాళ్ళకు ఇస్తామని అంగడి వాళ్ళు అప్పటికే చెప్పేశారు. నాయన ఫైలు పంపడం మొదలుపెట్టాడు. సగం పోయింది... గాలి గుయ్యిమంది... కొత్త మోడెం మీద ఎర్ర లైటు!

నాయన తల పట్టుకుని కూర్చున్నాడు. అక్క మిద్దె ఎక్కింది. కొద్దిసేపటికి పైనుంచి కేక... "ఇప్పుడు చూడు నాయనా!"

లైటు పచ్చబడింది.

"వచ్చినాది! వచ్చినాదమ్మా! ఏం చేసినావు?"

"పిట్టగోడ కాడ ఫోన్ వైరు అతుకు వదులైంది. గట్టిగా పట్టుకోనుండా!"

"వదలొద్దు తల్లీ... వదలొద్దు!"

నేను మెట్ల మీద నిలబడి చూశాను. గాలికి అక్క లంగా, జడ ఒకవైపే ఎగురుతున్నాయి. కళ్ళల్లో దుమ్ము పడుతున్నా చేయి తీయలేదు. ఫైలు పూర్తిగా వెళ్ళేదాకా అరగంట సేపు అట్లాగే నిలబడింది.

డిజైన్ వాళ్ళకు నచ్చింది. ఆ నెలలోనే చిన్నాయన మగ్గం ఆడింది. ఆయన అక్క చేతిలో మిఠాయి పొట్లం పెట్టి, "తప్పయిపోయిందమ్మా, నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఏ వస్తువు చెడినా నాయన మొదట అక్కనే అడిగేవాడు.

ఓబులేసన్న వచ్చి అతుకు సరిచేశాక, అనుమానం తీరక నాయన పాత మోడెం పెట్టి చూశాడు. భేషుగ్గా పనిచేసింది! "మరి దీన్ని ఎందుకు మారిస్తిమి?" అంది అమ్మ. సరేనని మళ్ళీ పాతదే పెట్టుకున్నాం. దీపావళి ముందు అది నిజంగానే ఆరిపోయింది... ఇక వెలగలేదు. "నేను చెప్పలేదా అన్నా!" అన్నాడు రఫీ అన్న. ఎవరి మాట నిజమో మా నాయనకు చివరిదాకా తేలలేదు... నాకూ తేలలేదు.

పోయిన వారం మా ఇంట్లో నెట్ పోయింది. ఫోన్ చేస్తే, రికార్డు చేసిన గొంతు "మీ పరికరం పాతది, మార్చుకోండి" అంది. ఎందుకని అడగడానికి అటువైపు మనిషి లేడు. ఇంట్లో ఎవరి సెల్లులో వాళ్ళు సొంత డేటా వేసుకుని గదుల్లోకి వెళ్ళిపోయారు. నెట్ పోయిందని బాధపడడానికి కూడా పక్కన ఒక మనిషి లేకుండా పోయాడు...

మీ ఇంట్లోనూ ఒక వస్తువు మార్చాలా వద్దా అని ఇల్లంతా ఒకచోట చేరి కొట్లాడుకున్న రోజులు ఉండే ఉంటాయి... రాయండి, చదవాలని ఉంది.