నీ కండ్లు బాగుండాయే అన్నాడు

పెళ్లయిన మూడో నెలలో నా మొగుడు, "నీ కండ్లు బాగుండాయే," అన్నాడు. నేను చేతిలో ఉన్న గరిటె విసిరాను.

నాకు ఎడమ కన్ను మెల్ల. కుడి కన్ను పెనుకొండలో ఉంటే ఎడమది హిందూపురం బయలుదేరుతుంది. పెనుకొండలో మా పుట్టింట నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. అందరికీ నేను మెల్లదాన్నే. చుట్టాలొస్తే మా అవ్వ నన్ను గొడ్ల కొట్టంలోకి తోలేది. అలాంటిదాన్ని కళ్లు బాగున్నాయంటే ఎగతాళి అనుకోక ఇంకేమనుకుంటాను?

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి ఇచ్చారు నన్ను. మొగుడు చక్కనివాడు. ఇంత చక్కనివాడు నన్నెందుకు చేసుకున్నాడు, మూర్ఛరోగం ఏమైనా ఉందా అని నెల్లాళ్లు కనిపెట్టి చూశాను. గురక తప్ప ఏ రోగమూ లేదు.

ఆయన మాత్రం పొగడడం మానలేదు. సంగటి బాగుందంటే, నిన్నటిది బాగలేదన్నమాట అనుకునేదాన్ని. నడక బాగుందంటే, ఎవతె నడకతో పోల్చి చూశాడోనని కుమిలిపోయేదాన్ని. ఒకసారి మల్లెపూలు తెచ్చాడు. రెండు రోజులు ఆయన చొక్కా వాసన చూశాను.

పెళ్లయిన మూడేళ్లకు ఒకసారి, కొత్త చీర మొదలుపెట్టే ముందు ఏ రంగులు వెయ్యమంటావని అడిగాడు. వంకాయ రంగు చీరకు తంగేడు పూల రంగు అంచు వెయ్యమని నోరు జారాను. అట్లే నేశాడు. చీర మగ్గం దిగినాక ఎత్తి పట్టుకుని, "నీ అంత మంచి కన్ను ఈ వీధిలో ఎవురికీ లేదు," అన్నాడు. మళ్లీ కన్ను! ఆ పూట ఆయనకు మాడిన సంగటే గతి అయింది.

ఆ చీర తీసుకుని హిందూపురంలో ఒక షావుకారు దగ్గరికి పోతూ నన్నూ రైలెక్కించాడు. షావుకారు చీర విప్పి చూసి ముచ్చటపడ్డాడు.

"ఏమప్పా, ఈ రంగులు నీకెవురు చెప్పిరి?"

"మా ఇంటామె. ఇదో, ఈడే కూచోనుండాది."

షావుకారు నా వైపు తిరిగాడు. అంతే, నా నోటికి దయ్యం పట్టింది.

"ఆయన మాట నమ్మొద్దండి సామీ. నాకు రంగులేం తెలుసు? నా కన్ను చూడండి. ఆ అంచు మరీ కొట్టొచ్చినట్టు ఉండాది, కొంగు చూస్తే మాసినట్టు ఉండాది."

షావుకారు చీరను మరోసారి చూసి, మెల్లగా మడిచి మా ముందుకు తోశాడు. "నేసినోళ్ల ఇంటామే బాగలేదంటే నేనేం చెప్పి అమ్మేదప్పా?"

చీర మూట పట్టుకుని తిరుగు రైలెక్కాం. దారిలో పెనుకొండలో దిగి మా పుట్టింటికి పోయాం. అవ్వ ఆయనకు మజ్జిగ ఇస్తూ ఎప్పుడూ అనే మాటే అంది: "ఈ మెల్లదాన్ని ఎట్ల ఏలుకుంటాండావో నాయనా. నీది పెద్ద మనసు."

ఎప్పుడూ నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు లోటా కింద పెట్టాడు.

"అవ్వా, మగ్గం మీద ఒక్క పోగు తేడా వచ్చినా నేను కనిపెడతా. నా చూపుకేం రోగం లేదు. బాగుంది గాబట్టే బాగుందంటాండా. పెద్ద మనసూ లేదు, గిద్ద మనసూ లేదు."

తర్వాత నా వైపు తిరిగాడు. "మూడేండ్ల నుంచి నేనేమన్నా కాదంటాండావు. నీ కంటికి నేను అబద్ధాలకోరు మాదిరి కనపడతాండానా?"

ఇన్నాళ్లూ అలా కాదనడం నా అణకువ అనుకుని లోలోపల మురిసిపోయాను. నిజానికి నేను చేసింది, మంచిమాట చెప్పిన మనిషిని మొహం మీదే అబద్ధాలకోరు అనడం. అవ్వ మాట మాత్రం ఒక్కటీ అనుమానించలేదు. ఆ అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎదురుగా నిలబడింది ఆవో బర్రో అరిస్తే తప్ప తెలిసేది కాదు.

ఆ చీరను మరుసటి నెల ఇంకో కొట్టులో అమ్మాడు. నన్ను బయట అరుగు మీద కూర్చోబెట్టి.

కొన్నాళ్లకు నేను తల దువ్వుకుంటుంటే, "ఈ పొద్దు బాగుండావే," అన్నాడు, గరిటెకు అందనంత దూరంలో నిలబడి. "చాల్లే" అన్న మాట పళ్ల దాకా వచ్చింది. పళ్లు బిగించాను. చెవులు కాలిపోతున్నాయి. చివరికి "ఊఁ" అన్నాను. నేనింకేమైనా అంటానేమోనని ఆయన కాసేపు చూసి, మగ్గం దగ్గరికి పోయాడు.

"ఏదీ, ఇంకోసారి చెప్పు" అని అడగడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. అప్పటికి ఆయన పొగడడం బాగా తగ్గించాడు. నేనే వెంటపడి చెప్పించుకునేదాన్ని.