మామగారి ముందు నల్లపావులు

ఆ రోజుల్లో ప్రేమించడం కన్నా, ప్రేమించిన అమ్మాయి తండ్రి ఎదుట కూర్చోవడం కష్టమని నాకెవరూ చెప్పలేదు. మాది కుల్కచర్ల దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు, నా ఉద్యోగం వికారాబాద్‌లో. ఆమెది తాండూరు, వాళ్ల నాన్నకు బజారులో కందిపప్పు దుకాణం. పెళ్లి మాట ఎత్తితే ఆయన ఔననలేదు, కాదనలేదు. "చదరంగం వస్తదా? అయితే ఐతారం రమ్మను" అన్నాడట. "మా నాయిన ఎప్పుడూ తెల్లవే తీసుకుంటడు. నువ్వు నల్లవాటికి తయారయి రా" అని ఆమె ఫోన్లో హెచ్చరించింది.

ఇక చూడండి నా పరేషాను. నల్లపావులతో ఏ డిఫెన్సు ఆడాలి? ఫోన్లో వీడియోలన్నీ తిరగేశాను. సిసిలియన్ మంచిదే కానీ మొదటి ఎత్తు నుంచే కయ్యానికి కాలు దువ్వుతుంది. పిల్లనడగడానికి పోయేవాడికి అది తగదు. పెట్రోవ్‌లో ఆయన గుర్రం తీస్తే మనమూ గుర్రం తీయాలి, వెక్కిరిస్తున్నాననుకుంటాడేమో. చివరికి కారో-కాన్ ఎంచుకున్నాను. ముందు ఒక బంటును ఒక్క గడి వినయంగా జరిపి, ఆ తర్వాత గట్టిగా నిలబడటం (అల్లుడి లక్షణం అంటే అదే కదా!). రైలు తాండూరు చేరేదాకా ఎత్తులు వల్లించుకుంటూనే ఉన్నాను.

వాళ్లింట్లో పావులు పేర్చగానే ఆయన బంటును ఒక్క గడి జరిపాడు. వీడియోల్లో అందరూ రెండు జరిపేవాళ్లు. సరేలే అని నేనూ ఒక్కటి జరిపాను. ఆయన మళ్లీ ఒక్కటే. నేను ధైర్యం చేసి నడిమి బంటును రెండు గడులు తోశాను. "ఏందయ్యా, బంటు గట్ల దుంకుతదా?" అన్నాడు. "మొదటిసారి రెండు పోవచ్చు కదండీ" అని నసిగాను. "మా ఇంట్ల ఒక్కటే. రాజైతే ఒక్కసారి గుర్రం లెక్క దుంకొచ్చు."

అది పాతకాలపు దేశవాళీ ఆట. నేను బట్టీపట్టిన డిఫెన్సు రెండో ఎత్తుకే చాప చుట్టేసింది. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె ముఖం చూశాను. నాకన్నా ఎక్కువ భయపడుతోంది. దాంతో నా పంతం కాస్తా పోయింది. "గీ ఆట నాకు రాదండి. జర నేర్పుండ్రి" అన్నాను. ఆయన నా బంటును తానే ఒక గడి వెనక్కి పెట్టాడు. "గిది ఒక్క దినంల వచ్చేది కాదు. ఇగ ప్రతి ఐతారం రావాలె." తలుపు దగ్గర ఆమె చేతిలోని మంచినీళ్ల చెంబు కింద పడింది. ఆయన ఔననడం అంటే అదేనట!

ఇప్పటికీ ఆదివారాలు తాండూరుకు పోతాం. నల్లపావులు నావే, ఓటమీ నాదే. మొన్న మా పాప తాతతో ఆడుతూ బంటును రెండు గడులు తోసింది. నేను ఆశగా ఆయన వైపు చూశాను. "నా మన్మరాలి బంటు దుంకుతది. నీకేంది?" అన్నాడు మామ. రైల్లో ఎత్తులు వల్లించుకుంటూ వచ్చిన ఆ పిచ్చి పిల్లవాణ్ణి తలుచుకుంటే ముద్దొస్తాడు. పాపం, వాడి కారో-కాన్ ఇంతవరకు మూడో ఎత్తు చూడలేదు.