మూడో బెల్టు తాడు

ఎనభైల్లో నంద్యాల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బెల్టులు నడిపే ఆపరేటర్లకు కొత్త కంట్రోల్ ప్యానెల్ మీద పన్నెండు రోజులు శిక్షణ ఇచ్చాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఆళ్లగడ్డలో తొలి బస్సెక్కితే ఎనిమిదిలోపు గేటు దగ్గర ఉండేవాణ్ణి. ఏ రోజు ఏం చెప్పాలో, ఏం చెప్పానో వరసగా నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

రాయిని మర దాకా మోసే బెల్టులు ఐదు. ఇదివరకు ఒక్కో బెల్టుకు ఒక్కో స్విచ్చి ఉండేది, వరస ఆపరేటరే చూసుకునేవాడు. కొత్త ప్యానెల్‌లో ఆ పని రిలేలది, అంటే కరెంటుతో వాటంతటవే పడే స్విచ్చులది. చివరి బెల్టు కదిలాకే దాని ముందుది కదులుతుంది, లేకపోతే రాయి గుట్టపడుతుంది. ప్రతి బెల్టు పక్కనా ఒక తాడు ఉంటుంది. ఎవరి చెయ్యయినా చిక్కుకుంటే ఆ తాడు లాగాలి. బెల్టు ఆగుతుంది, ప్యానెల్ మీద ఎర్రలైటు వెలుగుతుంది.

నేర్చుకునేవాళ్లు ఎనిమిది మంది. పరీక్ష తప్పినవాళ్లను బస్తాల లోడింగుకు పంపుతామని ఫ్యాక్టరీ ఇంజనీరు ముందే చెప్పేశారు. అందరిలో పెద్దాయనది బండి ఆత్మకూరు వైపు. లోడింగులోనే నడుం దెబ్బతిని బెల్టుల దగ్గరికి వచ్చాడు. మళ్లీ బస్తా ఎత్తితే మంచం పడతాడని డాక్టరు చెప్పాడట.

సర్క్యూట్ బొమ్మ ఆయనకు ఒక పట్టాన అర్థం కాలేదు.

"ఏంది సార్ ఇది, ముగ్గు మాదిరుండాది."

"మీ ఇంట్లో ముగ్గు యాడుంటాదప్పా? క్రిస్మస్‌కు స్టారు కట్టేటోళ్లు," అన్నాడు పక్కనున్న ఆపరేటరు.

"ఆ స్టారుకు సీరియల్ బల్బులు కట్టేది నేనే లేరా. ఒకటి మాడితే అన్నీ ఆరిపోతాయి. సార్, అట్ల చెప్పు, తలకెక్కుతాది."

అలాగే చెప్పాను. బొమ్మ చదవడం రాలేదు గానీ, సంగతి తెలిసింది.

పరీక్షకు ఒక్కొక్కరికి ఒక్కో లోపం రాసుకున్నాను. రిలే కాంటాక్టు మధ్య కాగితం ముక్క దూరిస్తే బెల్టు కదలదు. దాన్ని పదిహేను నిమిషాల్లో పట్టుకోవాలి. పదకొండో రోజు పెద్దాయన వంతు వచ్చింది. ప్యానెల్ దగ్గరికి రాకుండా బెల్టుల వెంట నడిచి పోయి, ఒక్కో తాడూ లాగి కేకేశాడు. మూడో బెల్టు తాడుకు లైటు వెలగలేదు.

"ఇంకోసారి లాగుతాండా, చూడండి!"

"లైటు పడల్యా!" అని ప్యానెల్ దగ్గరున్నవాళ్లు అరిచారు.

"అన్నా, టైము అయిపోతుంది. అది పరీక్షలో లేదు," అన్నాను.

"లేకపోతే ఏమి సార్? తాడు పలకందే నేను బెల్టు ముట్టను."

మిగిలిన టైమంతా దానికే పెట్టాడు. పదిహేను నిమిషాలు కాగానే సున్నా వేశాను. అప్పుడు ఆయన ప్యానెల్ కింది వరసలో వేలు పెట్టి చూపించాడు. వైర్లు బిగించే రెండు టెర్మినళ్ల మధ్య బెత్తెడు ఎర్ర వైరు. తాడు లాగినా కరెంటు ఆ వైరు గుండా పోతూనే ఉంటుంది, బెల్టు ఆగదు.

అది పెట్టింది నేనే. రెండో రోజు పాఠంలో, తాడు లాగిన ప్రతిసారీ బయటికి పోయి దాని స్విచ్చి మళ్లీ సరిచేయడం విసుగనిపించి పెట్టాను. తీసేయాలని పుస్తకంలో రాసుకోలేదు. పాఠం లేని వేళల్లో ఫ్యాక్టరీ ఆ ప్యానెల్ మీదే నడిచింది. తొమ్మిది రోజులు ఆ బెల్టు పక్కన మనుషులు పారలతో రాయి ఎత్తారు.

వైరు పీకి జేబులో వేసుకున్నాను.

"నాది పోయినట్టేనా సార్?" అన్నాడు.

"చూస్తాను," అన్నాను.

ఆయన్ను పాస్ చేయాలంటే ఏం కనిపెట్టాడో రాయాలి. అది రాస్తే ఎవరు పెట్టారన్న ప్రశ్న వస్తుంది. మర్నాడు పొద్దున రెండూ రాసి ఇంజనీరుకిచ్చాను.

"నువ్వే పెట్టినావని రాయాల్నా? లోపం కనిపెట్టినాడంటే సాలదా?"

"అప్పుడు మీ ఎలక్ట్రీషియన్ మీదికి పోతుంది సార్."

ఆయన కాగితం మళ్లీ చదివారు. "ఆడ ఎవుడన్నా సచ్చింటే ఏం జేస్తుంటివప్పా?"

ఆయన సంతకం పెట్టారు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెద్దాయన నా ఎదురుగా కూర్చున్నాడు.

"రెండో దినం నువ్వు పెట్టేది చూస్తి సార్. తీసేసింటావు అనుకుంటి."

"మరి నిన్న అందరి ముందు చెప్పలేదే?"

"చెప్తే నీ కూడు పోతాది, చెప్పకుంటే నాది పోతాది. వైరు సూపిచ్చి ఊరుకున్నా."

రెండో బ్యాచ్‌కు కర్నూలు నుంచి వేరే అతన్ని పిలిపించారు. పెద్దాయన ప్యానెల్ దగ్గరే ఉన్నాడని తర్వాత తెలిసింది.