నూనె నిండుకున్న ఇల్లు

చనిపోయేవరకు ఆ యింట్లోనే ఉండాలని మా అక్కయ్య కోరిక. అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ శీతకాలంలో జరిగినదంతా తలచుకుంటే, ఆ మాత్రం కోరినందుకే అందరూ కలసి ఆమెకు శిక్ష వేసినట్లు తోస్తుంది.

న్యూజెర్సీలో పాత యిండ్ల వీధి ఒకదానిలో ఆ యిల్లు. మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ బావగారు కొన్నది. వారికి పిల్లలు లేరు, నేను పెళ్లి చేసుకోలేదు. ప్రాచ్య కళాశాలలో తెలుగు చెప్పి విరమించిన పిదప నేనుకూడ అక్కయ్య దగ్గరకే చేరాను. బావగారు పోయినప్పటినుండి మేమిద్దరం ముసలివాళ్లం, బేస్‌మెంటులో ఆ బాయిలరు, ఇంతే ఆ యింటి సంసారం.

ఆ బాయిలరును గూర్చి కొంచెం చెప్పాలి. నూనెతో మండే రకం. పక్కనే గోడకు ఆనించి నూనె ట్యాంకు. నీటిని కాచి గొట్టాలద్వారా గదిగదికీ పంపుతుంది. గదుల్లో కిటికీలక్రింద ఇనుప రేడియేటర్లు వెచ్చబడతాయి. మేము వాటిమీద తుండుగుడ్డలు, వడియాలు ఎండబెట్టుకొనేవాళ్లం. బావగారు ఆదివారాలు దానిముందే కూర్చొని బోల్టులు బిగించేవారు. అక్కయ్య దానిని సవతి అనేది. "నాకు పట్టుచీర కొన్న పాపాన పోలేదు గాని, దానికి మాత్రం ఏటేటా కొత్త పంపు తెస్తారు" అని మెట్లపైనుండి వినబడేటట్లు సాధించేది. ఆయన పోయాక ఆ సవతి తిండి పెరిగింది, వేడి తగ్గింది. చూచిన మెకానిక్కు తలకాయ ఊపి, లోపల ఇనుము చీలిందనీ, మండుతున్నంతకాలం కుంటుకుంటూ నడుస్తుందనీ, ఒకసారి చల్లారితే మాత్రం మళ్లీ వెలిగించవద్దనీ, పొగ ఇంట్లోకి వచ్చి నిద్రలోనే చంపుతుందనీ చెప్పి వెళ్లాడు.

బావగారి తమ్ముడి కొడుకు మాకు దగ్గరలోనే ఉంటాడు. పెద్దమ్మ తదనంతరం ఇల్లు తనదే అని అతనికి తెలుసు. తదనంతరం ఎప్పుడు వస్తుందో తెలియదు. అదే అతని బాధ. ఈ బాయిలరు సంగతి తెలియగానే భార్యతో సహా వచ్చి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ప్రాక్టికల్‌గా ఆలోచించు. ఈ ఇంటికి వాల్యూ లేదు, ల్యాండుకే వాల్యూ. బిల్డర్లు క్యాష్ పట్టుకుని రెడీగా ఉన్నారు. అమ్మేసి మా ఇంటికి వచ్చేయండి ఇద్దరూ. కింద గెస్ట్ రూమ్ ఖాళీ."

"నేను బతికుండగానే నాకు తద్దినం పెట్టడానికి వచ్చావుట్రా?"

"అయ్యో, అలా మాట్లాడతారేంటి అత్తయ్యగారూ! మీ సేఫ్టీ గురించే కదా ఈయన టెన్షన్ పడుతున్నారు" అన్నది అతని భార్య, గోడలవైపు చూస్తూ, ఏ గోడ ఎక్కడ పగులగొట్టవచ్చునో లెక్క వేస్తున్నట్లుగా.

పాతబడి నూనె తాగే బాయిలర్లు తీసేసి కొత్తవి పెట్టించడానికి ప్రభుత్వం సాయం చేస్తుందని అక్కయ్య గుడిలో ఎవరో చెప్పగా విన్నది. స్వల్పాదాయంతో సొంత యింట్లో ఉండే వృద్ధులకు పైసా ఖర్చు లేదట. ఆ మాట అతని ముఖాన కొట్టింది.

"గవర్నమెంట్ పెట్టిస్తుందిరా. ఈ చలి ముదిరేలోపల కొత్తది రాకపోతే, అప్పుడు నీ యిష్టం. నీ యింటికే వస్తాను, ఇల్లు అమ్ముకో."

"మాటేనా?"

"నేను మాట తప్పినట్లు మీ పెదనాన్న ఎప్పుడైనా చెప్పారా?"

అతడు నవ్వుతూ వెళ్లాడు. అక్కయ్య దరఖాస్తు పెట్టించింది.

తరువాత నాకు అర్థమైనదేమంటే, ఆ ఆఫీసులో రెండు వరుసలు ఉంటాయి. ఇంట్లో వేడి బొత్తిగా లేనివారు ముందు వరుస. వారికి వారంలోగా మనుషులు వచ్చి బాయిలరు బిగిస్తారు. పాతదైనా ఏదో ఒకటి మండుతున్నవారు వెనుక వరుస. వారికి వేసవి దాటినా దిక్కులేదు. ఎవరు ఏ వరుసో ఫోనులో నాలుగు ప్రశ్నలు అడిగి తేలుస్తారు. ఆంగ్లం రానివారికి దుబాసీని కూడ వారే కలుపుతారు.

ఆ ఫోను వచ్చేనాటికి, మళ్లీ నూనె పోయించే డబ్బు లేక మా ట్యాంకు అడుగంటి, బాయిలరు చల్లారి, రెండు రోజులయింది. మెకానిక్కు మాట తలచుకొని మళ్లీ వెలిగించే సాహసం చేయలేదు. ఎలెక్ట్రిక్ హీటరు ఒకటి పడకగదిలో పెట్టుకొన్నాము. రెండవది పెడితే ఫ్యూజులు పోయేవి. నేను వంటింట్లో స్టౌమీద నీళ్లు కాచుకుంటున్నాను. అక్కయ్య ముందుగదిలో, రెండు శాలువలు కప్పుకొని, ఫోను చెవికి గట్టిగా ఆనించుకొని మాట్లాడుతున్నది. అవతలి మాటలు నాకు వినబడలేదు. ఈమె మాటలు మాత్రమే విన్నాను.

"తెలుగమ్మాయివా? అమ్మయ్య! ఏ ఊరు తల్లీ మీది?... ఇక్కడే పుట్టావా! ఇక్కడ పుట్టి ఇంత చక్కగా మాట్లాడుతున్నావే... నూనా? నిండుకుందమ్మా. మొన్ననే నిండుకుంది... ఆఁ, ఏదో, సర్దుకుంటున్నాం... ఇద్దరమే, నేనూ మా చెల్లెలూ... పెళ్లయిందా నీకు?... కానీలే, అదే అవుతుంది. చల్లగా ఉండు తల్లీ, చల్లగా ఉండు."

ఫోను పెట్టి వంటింట్లోకి వచ్చింది. ముఖం వెలిగిపోతున్నది. "బంగారంలాంటి పిల్ల. అంతా వ్రాసుకొంది. ఇక వచ్చేస్తారు" అని, నేను కాచిన నీళ్లగిన్నెకు రెండు చేతులూ ఆనించి నిలబడింది. మేము మాట్లాడుకుంటుంటే నోటినుండి ఆవిరి వస్తున్నది.

మా అమ్మ పెంపకంలో ఇంట్లో ఏ సరుకూ అయిపోకూడదు, నిండుకోవలసిందే. బియ్యం లేవని పొరబాటున అంటే నోటిమీద ఒక్కటి పడేది. దీపం ఆరదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. అమంగళాన్ని మంగళంతో కప్పి చెప్పే ఈ పద్ధతి ఎంత ప్రాచీనమో, ఎంత నాగరికమో నేను తరగతిలో ఒక పూట పూర్తిగా ఉపన్యసించగలను; ఉపన్యసించాను కూడ. కాబట్టి అక్కయ్య మాటలో నాకు వింత ఏదీ తోచలేదు. నూనె నిండుకున్నది. అంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఎవరూ రాలేదు. వారం గడిచింది. కిటికీ అద్దాలకు లోపలివైపు మంచు పట్టింది. వేళ్లు ఉబ్బి, నల్లబడడంతో అక్కయ్య జపమాల తిప్పడం మానేసింది. రోజంతా వీధివైపు చూస్తూ కూర్చొని, పెద్ద వ్యాను ఏది వచ్చినా లేచి తలుపు తీసేది. పార్సెళ్లవాడు ఒకడు భయపడ్డాడు కూడ.

చివరకు అభిమానం చంపుకొని మరిది కొడుకును పిలిచింది. అతడు కోటు విప్పకుండానే కూర్చొని, ఆ ఆఫీసుకు ఫోను చేసి, మేము వినేటట్లు స్పీకరులో పెట్టాడు. అవతల ఒక ఆడమనిషి ఓపికగా ఏదో చదివి వినిపించింది. అతడు ఒకసారి ఆగి, "సారీ, కెన్ యూ రిపీట్ దట్?" అన్నాడు. ఆమె మళ్లీ చదివింది. ఇతడు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లు వచ్చేటట్లు నవ్వాడు.

"పెద్దమ్మా! ట్యాంక్ ఫుల్ అని చెప్పావట నువ్వు! ఆయిల్ ఫుల్, ఏ ప్రాబ్లమూ లేదు, మేనేజ్ చేసుకుంటున్నాం అన్నావట. ఇంకా ఏదో ఉంది... ఇంటర్‌ప్రెటర్ని స్టే కూల్ అన్నావటగా!"

అక్కయ్య నిర్ఘాంతపోయింది. "నేను ఫుల్లు అనలేదురా. నూనె నిండుకుంది అన్నాను."

"నిండుకుంది అంటే ఫుల్లే కదా?" అన్నది అతని భార్య. ఆమె వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగింది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

"లేదన్నమాట అమ్మాయ్. అయిపోయిందని" అన్నాను.

"అయిపోతే అయిపోయిందనొచ్చు కదా పిన్నిగారూ. గవర్నమెంట్ వాళ్లతో కూడా పొయెట్రీ ఎందుకు?"

అక్కయ్య అప్పుడు వారివైపు చూడలేదు. నావైపు తిరిగింది. నా జీవితంలో నన్ను అంత కసిగా ఎవరూ చూడలేదు.

"ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పానంటావు కదే. ఎవరికి చెప్పావు? గోడలకా? మాట నేర్పవలసినవాళ్లకు ఒక్కరికైనా నేర్పావుటే? నీ చదువంతా పట్టుకెళ్లి ఆ బాయిలర్లో పెట్టు, కాస్త వేడైనా పుడుతుంది."

మరిది కొడుకు మెచ్చుకోలుగా "సూపర్ పంచ్ పెద్దమ్మా" అన్నాడు.

ఆఫీసు ఆమె మర్యాదస్థురాలే. పొరబాటును దిద్దుకొంటానన్నది. కాని దిద్దిన దరఖాస్తు కొత్త దరఖాస్తుతో సమానమట. ముందు వరుసలోకే వస్తుందిగాని, ఆ వరుసలో అందరికంటె చివర నిలబడాలట. "వెయిట్ చేయండి, ఏముంది" అని లేచి, అతడు గుమ్మందగ్గర ఆగాడు. "చలి ముదిరేలోపల అన్నావు గుర్తుందా? ఈ వీకెండ్ చూడు వెదర్." ఫోనులో వాతావరణం బొమ్మ తీసి, ఆమె కళ్లముందు పెట్టి చూపించి మరీ వెళ్లాడు.

అతడు చూపించినట్లే వచ్చింది చలి. తెల్లవారేసరికి పైఅంతస్తులో తుపాకీ పేలినట్లు చప్పుడైంది. గొట్టాలలో నీరు గడ్డకట్టి, ఉబ్బి, వాటిని చీల్చుకొని బయటపడింది. మధ్యాహ్నం కొంచెం ఎండ వచ్చి ఆ మంచు కరగగానే, ముందుగది పైకప్పు తడిసి, ముక్కలై, బావగారు కూర్చొనే కుర్చీమీద కూలింది. అక్కయ్య బక్కెట్టు తెచ్చి దానిక్రింద పెట్టింది. నేను మరొకటి తెచ్చాను. ఇద్దరం ఎత్తి పోస్తూనే ఉన్నాం, పొరుగువారు వచ్చి చేతులు పట్టుకొని ఆపేవరకు.

పురపాలకంవారు వచ్చి చూచి, ఆ యిల్లు మనుషుల నివాసానికి తగదని తలుపుకు నారింజరంగు కాగితం అంటించారు. వేడి ఏర్పడితేగాని లోపల ఉండరాదు. లోపల మనుషులు ఉంటేగాని బాయిలరు పెట్టరని అప్పటికే మాకు తెలుసు. కాగితం అంటించిన యువకుడు అక్కయ్యతో చాల సున్నితంగా మాట్లాడాడు. ఆమె సంచిని కారువరకు తానే మోసి పెట్టాడు. పిడికెడు అన్నం పెట్టి పొమ్మన్నట్లుగా ఉన్నది ఆ సున్నితం.

మరిది కొడుకు ఇంట్లో గెస్ట్ రూము వెచ్చగా ఉంటుంది. నేలలోని కన్నాలనుండి వేడిగాలి తనంతట తాను వస్తుంది. అక్కయ్య మొదటిరోజు ఆ కన్నంమీద పాదాలు పెట్టుకొని కూర్చుంటే, అతని భార్య వచ్చి, "అత్తయ్యగారూ, అలా బ్లాక్ చేస్తే పైకి ఎయిర్‌ఫ్లో రాదండీ" అని ఆమె కుర్చీని పక్కకు జరిపింది. అక్కయ్య కుర్చీలో ఉండగానే జరిపింది.

అమ్మకం కాగితాలకు ఎక్కువ కాలం పట్టలేదు. ఎవరో బిల్డరు, ఉన్న యిల్లు ఉన్నట్లే కొన్నాడు. లోపల చూడనుకూడ లేదట, పడగొట్టబోయేదానిని చూడడం దేనికని. అక్కయ్య ఆడిన మాట ప్రకారం చూపిన చోటల్లా సంతకం చేసింది. ఆమె వేళ్లకు కలం పట్టు దొరకకపోతే, మరిది కొడుకు ఆమె చేయి పట్టుకొని సాయం చేశాడు. చిన్నపిల్లకు అక్షరాభ్యాసం చేయించినట్లు చేశాడని అతని భార్య ఫొటో తీసింది.

చలి తగ్గుముఖం పట్టిన ఒక ఉదయం మేము నలుగురం కాఫీలు తాగుతుండగా ఫోను వచ్చింది. అతడే తీశాడు. వింటూ వింటూ కనుబొమలు ఎగరేశాడు. "వన్ సెకండ్ ప్లీజ్" అని, ఫోను గుండెకు అదుముకొని, పండుగ కబురు చెప్పేవాడిలా మావైపు తిరిగాడు.

"పెద్దమ్మా, కంగ్రాట్స్! నీ బాయిలర్ శాంక్షన్ అయింది. బ్రాండ్ న్యూ. ఎల్లుండి వచ్చి ఇన్‌స్టాల్ చేస్తారట. ఎక్కడ పెట్టమందాం చెప్పు, గెస్ట్ రూమ్‌లోనా?"

అతని భార్య కాఫీ పొలమారి దగ్గింది. నవ్వు ఆపుకోబోయి అలా అయింది పాపం.

అక్కయ్య కప్పు క్రింద పెట్టింది. "ఇల్లు కొన్నవాళ్లకు ఇమ్మనరా."

"అలా కుదరదు పెద్దమ్మా. అది నీ పేరుమీద. ఆ యింటికీ నీకూ కలిపి ఇచ్చింది. నువ్వు అక్కడ ఉంటేనే."

"అయితే అమ్మేటప్పుడు నన్నుకూడ ఆ యింటితో కలిపి వ్రాసి ఇవ్వవలసిందిరా. ఎలాగూ పడగొట్టేవాళ్లే కదా. ఒక్క ఖర్చుతో పోయేది."

ఆమె చమత్కరించిందనుకొని అతడు బిగ్గరగా నవ్వాడు. అతని భార్య ఫోను అందుకొని, బాయిలరు అక్కరలేదనీ, దయచేసి ఈ నంబరుకు మళ్లీ చేయవద్దనీ చెప్పి, పెట్టేసి, మాకు ఇడ్లీలు వడ్డించింది.