ఇద్దరి పేరున కార్డు

జగ్గయ్యపేట దాటాక హైవే పక్కనున్న సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో చేరేనాటికి ఇశ్రాయేలువి నూనూగు మీసాలు. ఇప్పుడు తల ముగ్గుబుట్ట. ఇంకో నెల గడిస్తే రిటైర్మెంటు.

అతని పని మిక్సరు దగ్గర. పీచు సంచులు కత్తితో కోసి సిమెంటులో కలిసేలా గుమ్మరించాలి. పీచంటే ఆస్బెస్టాస్, రాతినుంచి తీసిన తెల్లటి నార. దూదికన్నా తేలిగ్గా ఎగిరేది. కనుబొమల మీద, చెవుల్లో, అన్నం గిన్నె మూత మీద, ఎక్కడ పడితే అక్కడ వాలేది. ఈమధ్య మిషన్లొచ్చి, మూతికి మాస్కులొచ్చి తగ్గింది గానీ, వయసులో ఉన్నన్నాళ్లూ షిఫ్టు దిగి ఇంటికొస్తుంటే పిండిమరలో పడి లేచిన మనిషిలా ఉండేవాడు.

మిక్సరుకి అవతలి పక్కన స్తెఫను నిలబడేవాడు. అతను రిటైరై ఏడాది తిరక్కుండానే మంచం పట్టాడు. ఒకరు టీబీ అన్నారు, ఒకరు ఉబ్బసమన్నారు. జీతంతోపాటే ఈఎస్ఐ వైద్యమూ ఆగిపోయింది. రిటైరైనవాళ్లు మళ్లీ పేరు రాయించుకుంటే ఆ బీమా కొనసాగుతుందన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. తెలిసేసరికి మనిషి మిగల్లేదు. సమాధులకి శవపెట్టె మోసినప్పుడు, లోపల ఎవరూ లేనట్టు అది ఇశ్రాయేలు భుజం మీదికి తేలిగ్గా లేచింది. ఆనాటినుంచి తన ఛాతీలోకి తనే చెవి పెట్టి వింటున్నట్టు బతికాడు. దగ్గొస్తే వీధిలోకి వెళ్లి దగ్గేవాడు.

ఫ్యాక్టరీ టైమాఫీసులో పనిచేసే నవీన్‌బాబు ఒకరోజు గేటు దగ్గర ఆపాడు.

"బాబాయ్, స్తెఫను పెదనాన్నలా చేయమాక. రిటైరైనోళ్లకి వేరే పద్ధతుంది. ఏటా కొద్దిగా కట్టుకుంటే నీకూ పిన్నికీ ఇద్దరికీ ఒక కార్డిస్తారు, వైద్యం నడుస్తది. ఇప్పుడే అప్లై చేసుకో."

"చూద్దాంలే."

ఆ 'చూద్దాంలే' వెనకున్నది బద్ధకం కాదు, భయం. కార్డంటే ఆస్పత్రి, ఆస్పత్రంటే డాక్టరు, డాక్టరంటే ఛాతీ మీద ఆ చల్లటి బిళ్ల. అది ఏం వింటుందో వినకుండానే పోవాలని ఉండేది అతనికి.

అతని భార్య రూబీ ఊరుకోలేదు. "స్తెఫనన్నని చూసి కూడా చూద్దాంలే అంటావేందయ్యా? పద, నేనూ వస్తా" అని చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది.

బీమా ఆఫీసులో పని తేలిగ్గానే తెమిలింది. ఫొటోలు అంటించారు, వేలిముద్రలు తీసుకున్నారు, రిటైరయ్యాక నడిచే కార్డు ఇద్దరి పేరునా రాశారు. ఉద్యోగంలో ఉండగానే ఒకసారి పరీక్ష చేయించుకోమని డిస్పెన్సరీకి పంపారు. అక్కడ డాక్టరు కృష్ణప్రియ.

"ఎక్కడ పని చేస్తారు?"

"రేకుల్లోనండి. మిక్సరు దగ్గర."

ఆమె రాస్తున్న పెన్ను ఆపి తలెత్తింది. లేచొచ్చి అతని వీపు మీద, ఛాతీ మీద చాలాసేపు విన్నది. ఇశ్రాయేలు కళ్లు మూసుకుని లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాడు. వినడం ముగించేసరికి డాక్టరు కళ్లు తలుపు పక్క స్టూలు మీద కూర్చున్న రూబీ మీదే ఉన్నాయి. నాలుగు మెట్లెక్కి వచ్చిన రూబీ ఇంకా రొప్పు తీర్చుకుంటోంది.

"అమ్మా, మీకు ఆయాసం ఎప్పట్నుంచి?"

"నాకా? నాకేం లేదండి. చూపించుకోడానికి వచ్చింది మా ఆయన."

"ఈయన డ్యూటీ బట్టలు ఎవరు ఉతుకుతారు?"

రూబీకి నవ్వొచ్చింది. "నేనేనండి. ఇంకెవరుతుకుతారు?"

"ఉతికేముందు దులుపుతారా?"

"దులపకపోతే బకెట్లో నీళ్లన్నీ బురదైపోవూ? అరుగు మీద నిలబడి బాగా దులిపే నానబెడతానండి. పెళ్లైనకాడ్నుంచీ అంతే."

డాక్టరు ఇద్దరికీ ఎక్స్‌రే రాసింది.

ఇశ్రాయేలు ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి, జాగ్రత్తగా ఉంటే కాలం గడుస్తుందన్నారు. రూబీ ఫిల్ములో ఎడమవైపు సగం దాకా తెల్లగా ఉంది. నీరు చేరిందన్నారు. ఉద్యోగం ఇంకా ఉంది కాబట్టి పాత ఈఎస్ఐ కార్డు మీదే బెజవాడ పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ సూది గుచ్చి నీరు తీశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఊపిరితిత్తుల పైపొరకి పట్టిన క్యాన్సరని తేల్చారు. ఆ పీచు లోపలికి పోతే ఏళ్లూ పూళ్లూ నిద్రపోయి, అప్పుడు లేస్తుందట.

"నన్నొదిలేసి దాన్ని పట్టుకుందా అండీ?" అన్నాడు ఇశ్రాయేలు.

తిరుగు బస్సు పరిటాల దాటింది. చర్చిలో రూబీ పాట మధ్యలో ఆగి కూర్చుండిపోయిన ఆదివారాలు అతనికి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. వయసు మీద పడిందనుకున్నాడు తను.

"ఏడవమాకయ్యా," అంది రూబీ కిటికీలోంచి చూస్తూనే. "తెలిసి తెచ్చావా ఏంది?" నందిగామలో బస్సాగాక మళ్లీ అంది: "మన ఇళ్ల లైన్లో ఆడోళ్లంతా దులిపినోళ్లేగా."

రిటైర్మెంటు రోజున శాలువా కప్పి మాట్లాడమంటే ఇశ్రాయేలు మైకు పట్టుకుని ఒక్కటే చెప్పాడు. "మీ ఆడోళ్లని డాక్టరు కాడికి తీసుకుపోండి. దగ్గున్నా లేకపోయినా తీసుకుపోండి. నా డ్యూటీ బట్టలు దులిపినందుకే రూబీకి వచ్చింది." ముందు వరసలోవాళ్లు నేల చూపులు చూశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

రూబీకి మూడువారాలకోసారి బెజవాడలో మందెక్కిస్తున్నారు. జుట్టు రాలింది. నీరు మళ్లీ చేరుతోంది, మళ్లీ తీస్తున్నారు. మనిషి ఉంది. అంతకుమించి ఎవరూ మాటివ్వడం లేదు.

మొన్న మందుల కోసం డిస్పెన్సరీకెళ్తే వరండా నిండా తమ లైన్లో ఆడవాళ్లు. ఆ చివర నవీన్‌బాబు నిలబడి ఉన్నాడు. అతని తండ్రి కూడా మిక్సరు దగ్గర చేసి చనిపోయినవాడే.

"మా అమ్మని తెచ్చా బాబాయ్. ఏం లేదు, ఊరికే చూపిద్దామని."

లోపల పరీక్ష చాలాసేపే పట్టింది. తలుపు తెరుచుకుంది. బయటికొచ్చింది అతని తల్లి కాదు, కృష్ణప్రియ.

"ఈ అమ్మ తాలూకు ఎవరండీ? ఒకసారి లోపలికి రండి."

నవీన్‌బాబు కదల్లేదు. ఇశ్రాయేలు అతని రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.